మాట అందకపోతే ఆగిపో

2022 మార్చి 4. వికారాబాద్ దారిలో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు ఎదురెదురుగా బయల్దేరాయి. గుల్లగూడ వైపు నుంచి వచ్చే ఇంజనులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. చిట్టిగిద్ద వైపు ఇంజనులో రైల్వే బోర్డు చైర్మన్ వినయ్ కుమార్ త్రిపాఠి. ఆ రోజు జాతీయ భద్రతా దినం కూడా.

క్యాబిన్‌లో చిన్న తెర. బయట ఎండ. ఎదుటి ఇంజను కంటికి ఇంకా దగ్గర పడకముందే తెర మీద హెచ్చరిక వచ్చింది, బ్రేకు తనంతట తానే పడింది. ఇంజన్లు రెండూ ఆగేసరికి మధ్యలో 380 మీటర్ల పట్టా మిగిలింది. ఎర్ర సిగ్నల్ పరీక్షలోనూ అంతే, ఇంజను సిగ్నల్ దాటలేదు. గేటు దగ్గరికి రాగానే ఎవరి చెయ్యీ తగలకుండా హారన్ మోగింది. పక్క పట్టా అయిన లూప్ లైనులోకి దిగేటప్పుడు వేగం గంటకు 60 కిలోమీటర్ల నుంచి 30కి పడిపోయింది.

ఆ ఇంజన్లు ఒకదాన్నొకటి చూసుకోలేదు. మాట్లాడుకున్నాయి, అదీ రేడియోలో. మన కథ ఆ మాటల గురించే.

మాటలు మోసే ఈ ఏర్పాటు పేరు కవచ్. ప్రయాణికుల బండ్ల మీద దీని పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. 2020 జులైలో దేశమంతటికీ ఇదే ప్రమాణమన్నారు. మొదట వేసిన 1,465 కిలోమీటర్లలో పెద్ద వాటా, 959 కిలోమీటర్లు, మన్మాడ్ నుంచి ముద్ఖేడ్, డోన్ మీదుగా గుంతకల్లు దాకా ఉన్న దారిది. నాందేడ్ జిల్లా ముద్ఖేడ్ మ్యాపులో మహారాష్ట్రే గానీ ఆదిలాబాద్ వాళ్లకు అలవాటైన జంక్షన్. అటు నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్ వైపు తిరగాలంటే ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకు మారేది ఇక్కడే. మూడు దిక్కుల బండ్లు కలిసే చోట ఎవరు ఎక్కడున్నారో తెలియడం చిన్న విషయం కాదు.

పూర్వం సింగిల్ లైన్ల మీద ఈ పని బాల్ టోకెన్ చేసేది. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, మధ్యలో తీగ. ఒక గోళం బయటికొచ్చిందంటే అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండోది రాదు. గోళాన్ని సంచిలో పెట్టి, వెదురు రింగు తగిలించి, కదిలే ఇంజనుకు అందించేవారు. టోకెన్ చేతిలో లేకపోతే బండి కదలదు. నన్నడిగితే కవచ్‌కు అసలు తాత ఆ గోళమే. రేడియో తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఆ గోళం గాలిలో తిరుగుతోంది. స్లీపర్ల మీద బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను ఇంజను పైనుంచి పోతూ చదువుకుంటుంది. నువ్వు ఫలానా చోట ఉన్నావు, ఫలానా పట్టా మీద ఉన్నావు అని ట్యాగు చెబుతుంది. ఉపగ్రహాన్ని నమ్ముకుంటే చాలదా అంటే చాలదు. పక్కపక్క పట్టాల మధ్య దూరం సుమారు అయిదు మీటర్లు, జీపీఎస్ పొరపాటు ఒక్కోసారి అంత ఉంటుంది. అంతకుముందు కొంకణ్ రైల్వే చేసిన యాంటీ కొలిజన్ డివైస్‌కు ఇక్కడే చిక్కొచ్చింది. కవచ్‌లో ఉపగ్రహానిది గడియారం పని.

ఆ గడియారం లేకపోతే అంతా గందరగోళం. ఒక స్టేషన్ పరిధిలో పది ఇంజన్లు ఒకేసారి రేడియోలో అరిస్తే ఎవరి మాటా వినపడదు. అందుకే చెరువు నీళ్లకు వంతులు పెట్టినట్టు, రెండు సెకన్ల చక్రాన్ని ముక్కలు చేసి ఒక్కో ఇంజనుకు ఒక్కో ముక్క ఇస్తారు. తన వంతులో ఇంజను తన చోటు, వేగం చెబుతుంది. ఎంత దూరం పోవచ్చో స్టేషన్ చెబుతుంది. ప్రతి మాటకూ సమయం ముద్ర, చెడిందో లేదో తేల్చే లెక్క, దొంగమాట చొరబడకుండా తాళం ఉంటాయి. లెక్క తప్పిన మాటను సరిదిద్దుకుని వాడుకోదు, పారేస్తుంది. రెండు సెకన్లలో ఎలాగూ తాజా మాట వస్తుంది.

రాకపోతే? గడువు దాటాక పాత అనుమతిని నమ్మదు. డ్రైవరుకు హెచ్చరిక చేసి, ఇంకా కట్టుదిట్టమైన పద్ధతిలోకి దిగుతుంది. రేడియో అన్నాక మాట పోతూనే ఉంటుంది, కొండ అడ్డొచ్చినా, టవర్ మీద పిడుగు పడినా. మౌనానికి అర్థం ముందే రాసి పెట్టుకోవడంలోనే ఇంజనీర్ల తెలివి కనిపిస్తుంది నాకు. ఫోన్లో మెసేజి రాకపోతే మనం ‘అంతా బాగానే ఉందిలే’ అనుకుంటాం. ఇంజను అలా అనుకోకూడదు.

కవచ్ లేని చోట ఏమవుతుందో 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా చూసింది. కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజరును వెనక నుంచి విశాఖ–రాయగడ బండి గుద్దింది. 14 మంది పోయారు. ఆ దారిలో అప్పటికి కవచ్ లేదు.

అయితే అదే ఏడాది జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర జరిగింది వేరే రకం. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను పచ్చ సిగ్నల్ వచ్చింది, బండిని పట్టా మళ్లించే పాయింట్లు మాత్రం గూడ్సు బండి నిలబడి ఉన్న లూప్ వైపు ఉన్నాయి. సిగ్నల్ సర్క్యూట్‌లో వైర్లు తప్పుగా కలిపారని విచారణ తేల్చింది. 290 మందికి పైగా చనిపోయారు. అక్కడా అప్పటికి కవచ్ లేదు. ఉన్నా, సిగ్నళ్లనూ పాయింట్లనూ ముడిపెట్టే స్టేషన్ ఇంటర్‌లాకింగ్ ఇచ్చిన మాటనే అది ఇంజనుకు చేరవేస్తుంది. ఆ మాటే తప్పయితే గంటకు 128 కిలోమీటర్ల వేగంలో దాన్ని పట్టుకునే వ్యవధి దానికి దొరకదు.

అందుకే వైరు మార్చిన ప్రతిసారీ సిగ్నల్‌నూ పాయింట్లనూ ఒకటొకటిగా సరిపోల్చి చూడాలని రూలు. ముద్ఖేడ్ లాంటి జంక్షన్‌లో పాయింట్లు ఎక్కువ, ఆ పరీక్షకు టైము పడుతుంది. అంతసేపు బండ్లు ఆపితే గానీ, అంటే బ్లాకు తీసుకుంటే గానీ అది కుదరదు. ఆ బ్లాకు ఇవ్వాల్సింది ట్రాఫిక్ వాళ్లు. ఆలస్యమైన ప్రతి బండికీ జవాబు చెప్పుకోవాల్సిందీ వాళ్లే.