కొరంటి దవాఖానా

మా అచ్చంపేట వైపు దవాఖానా అన్న మాటకి ఎవరూ బెదిరేవారు కాదు గానీ, "కొరంటి దవాఖానా" అనేసరికి పెద్దవాళ్ళ గొంతు తగ్గిపోయేది. హైదరాబాదులో అక్కడికి పంపారంటే ఇక ఇంటి మొహం చూడనట్టేనని మా నాయనమ్మ గట్టి నమ్మకం.

ఆ కొరంటి ఎక్కడిదో తెలుసాండీ? ఇటలీలోని వెనిస్ నుంచి వచ్చింది! ప్లేగు రోజుల్లో ఓడల మీద వచ్చినవాళ్ళని నలభై రోజులు విడిగా ఉంచాకే ఊళ్ళోకి రానిచ్చేవారట. 1423లో రోగుల కోసం పక్కనున్న దీవిలో ఆస్పత్రే పెట్టారు. నలభైకి వాళ్ళ మాట క్వరాంటా. ఇంగ్లీషువాళ్ళ నోట అది క్వారంటీను అయింది, మన నోట పడి కొరంటి అయింది. 1915లో మొదలైన మన కొరంటి దవాఖానా తర్వాత నల్లకుంటకి చేరింది. ఇప్పుడు దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరుంది. జనం మాత్రం ఫీవరాస్పత్రి అంటారు.

విడిగా ఉంచడం మనవాళ్ళకి తెలీనిదేం కాదు. అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి చూసి పైవాళ్ళు లోపలికి వచ్చేవారు కాదు. మరి లోపల ఉన్నవాళ్ళకి మంచినీళ్ళిచ్చేదెవరు? మశూచి ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకి మళ్ళీ రావడం చాలా అరుదు. అందుకని మొహాన మచ్చలున్న ఏ పెద్దామో ధైర్యంగా మంచం పక్కన కూర్చోగలిగేది. ఆ మచ్చలే ఆమెకి కవచం. 1980లో మశూచి ఈ భూమ్మీదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

కానీ కొత్త జబ్బు వస్తే అలాంటి పెద్దామెని ఎక్కడినుంచి తెస్తాం? 2020 మార్చి 2న తెలంగాణాలో తొలి కరోనా కేసు బయటపడింది. సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రి కొన్ని నెలలపాటు కరోనా రోగులకే అంకితమైపోయింది. డాక్టర్లకీ, నర్సులకీ, ఊడ్చే ఆయమ్మలకీ ఒంట్లో ఏ కవచమూ లేదు. పైనుంచి తొడుక్కోవలసిందే.

ఆ కిట్టు తొడుక్కోవడం కన్నా విప్పడమే కష్టం. పైభాగమంతా అంటే కదా! ముందు చేతి తొడుగులు తీసి చేతులు శుభ్రం చేసుకోవాలి. తర్వాత గౌను, కళ్ళద్దాలు. రోగి గది దాటాకే మాస్కు. ఆఖర్న మళ్ళీ చేతులు. ఈ వరస తప్పితే జబ్బు ఆమె వెంట ఇంటికే వస్తుంది. రోగుల సంగతీ అంతే. జ్వరంతో వచ్చినవాళ్ళని గేటు దగ్గరే వేరు చేయాలి. అనుమానం ఉన్నవాళ్ళని, జబ్బు తేలినవాళ్ళని ఒకే వార్డులో పడుకోబెట్టకూడదు. గాలి ఆడేలా చూడాలి.

ఇదంతా రోగిని దూరం పెట్టడానికే అనుకున్నవాళ్ళు మనలో ఎందరో! నాకు మాత్రం దగ్గరికి వెళ్ళడానికి పడ్డ పాట్లుగానే తోస్తుంది. కన్నబిడ్డలు కూడా లోపలికి రాలేని ఆ రోజుల్లో రోగి నుదురు తాకింది ఆ తొడుగు వేసుకున్న చెయ్యే మరి. మా నాయనమ్మ బెంగంతా, అక్కడ తన నోట్లో గుక్కెడు నీళ్ళు పోసేదెవరనే.

ఇంకెప్పుడైనా ఆస్పత్రివాళ్ళు మనల్ని గేటు దగ్గర ఆపితే విసుక్కోకండి. లోపల మనవాళ్ళ పక్కన నిలబడే మనిషి క్షేమంగా ఉండాలి కదా!