అమెరికా రైలును ముంచింది కారేనా?

అమెరికా రైళ్ల గురించి ఎవరు రాసినా కథ ఒకే దారిన నడుస్తుంది. పట్టాలు పరిచారు, వైభవంగా బండ్లు నడిపారు, కారొచ్చింది, విమానమొచ్చింది, జనం రైలెక్కడం మానేశారు. ఇంకాస్త మసాలా కావాలనుకున్నవాళ్లు, కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ట్రామ్ బండ్లను మట్టుబెట్టిందనే కుట్ర కథను కలుపుతారు. 1949లో షికాగో కోర్టు ఆ కంపెనీనీ దాని తోడు కంపెనీలనూ దోషులని తేల్చిన మాట నిజమే. కానీ రుజువైన నేరం సిటీ బస్సు కంపెనీలకు బస్సులు, టైర్లు, ఇంధనం అమ్మే వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం. ట్రామ్ బండ్ల గతికి దాంతో ఎంత సంబంధముందో వాదించుకోవచ్చు. దూరపు రైళ్లకు మాత్రం అది చుట్టం కాదు. ఇక కారు, విమానాల కథలో అబద్ధం తక్కువే. వదిలేసిందే ఎక్కువ.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1830లో బాల్టిమోర్ అండ్ ఒహాయో మార్గం మొదలైంది. 1869 మే 10న యూటాలోని ప్రొమోంటరీ దగ్గర తూర్పు పడమర పట్టాలు కలిశాయి. 1916 నాటికి దేశంలో రైలుమార్గం 2,54,000 మైళ్లకు చేరింది. దేశాన్ని చూపించి డబ్బు చేసుకోవడమూ రైలు కంపెనీలకు ముందే తెలుసు. సాంటా ఫే 1901లో గ్రాండ్ కాన్యన్ అంచుదాకా రైలు వేసి, 1905లో అక్కడే ఎల్ తోవార్ హోటల్ తెరిచింది. 1949లో మూడు కంపెనీలు కలిసి షికాగో నుంచి పసిఫిక్ తీరానికి కాలిఫోర్నియా జెఫైర్ నడిపాయి. రాకీ పర్వతాలు, ఫెదర్ నది లోయ పగటిపూటే వచ్చేలా దాని టైంటేబుల్ కట్టారు. పైన అద్దాల గూడున్న పెట్టెల్లో కూర్చుంటే కొండకొమ్ములు నెత్తిమీదికి వచ్చినట్టుండేవి.

అసలు తగవు 1945 నుంచి 1971 దాకా నడిచిన కాలం గురించి. యుద్ధం ముగియగానే కంపెనీలు కొత్త పెట్టెల మీద ధారాళంగా ఖర్చుపెట్టాయి. చచ్చే వ్యాపారమనుకున్నవాళ్లు చేసే పని కాదది. అదే సమయంలో ప్రభుత్వం ఏం చేసిందో చూడాలి. యుద్ధకాలంలో టికెట్‌పై వేసిన పన్ను 15 శాతం దాకా పెరిగి, 1954లో 10 శాతానికి తగ్గి, 1962 దాకా బతికే ఉంది. 1946లో ఇల్లినాయిలోని నేపర్‌విల్ దగ్గర రెండు రైళ్లు ఢీకొని 45 మంది చనిపోయారు. మరుసటేడు అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్, గంటకు 80 మైళ్లు, ఆపైన నడపాలంటే ఇంజన్లోకే సిగ్నల్ అందే ఏర్పాటో, బండి తనంతట ఆగే ఏర్పాటో ఉండాలంది. భద్రత కోసం సబబైన ఆజ్ఞే. ఆ ఖర్చు భరించలేని కంపెనీలు 79 దగ్గర ఆగిపోయాయి. ఇవాళ్టికీ చాలా మార్గాల్లో అదే హద్దు. 1956 చట్టం 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు అయ్యే ఖర్చులో 90 శాతం కేంద్రం నెత్తిన పెట్టింది. రైలు కంపెనీ మాత్రం తన పట్టాలు తానే వేసుకుని, వాటికి ఆస్తిపన్నూ కట్టేది.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ టపా రూపంలో వచ్చింది. మన ఆర్.ఎం.ఎస్. లాగే అక్కడా రైల్లో తపాలా పెట్టె ఉండేది. బండి నడుస్తుండగానే గుమస్తాలు ఉత్తరాలను అరల్లోకి వేరుచేసేవారు. బండి ఆగని ఊళ్లో పట్టాల పక్కన స్తంభానికి సంచి వేలాడేది. గుమస్తా తలుపు దగ్గర నిలబడి ఇనుపకొక్కెం బయటికి తిప్పేవాడు. కొక్కెం ఆ సంచిని లాక్కుంటుండగా, ఊరికి చెందాల్సిన సంచిని కాలితో కిందికి తన్నేవాడు. చూపు కాస్త తప్పితే సంచి చక్రాల కింద పడేది. జనం పలచగా ఉన్న రాత్రి బండ్లు చాలావరకు ఈ టపా రాబడి మీదే నడిచాయి. 1963లో జిప్ కోడ్ వచ్చింది. ఉత్తరాల వర్గీకరణ పెద్ద పెద్ద కేంద్రాలకు, రవాణా లారీలకూ విమానాలకూ మళ్లింది. 1967లో తపాలా శాఖ చాలా మార్గాల్లో రైలు ఒప్పందాలను ఒక్క ఊపున రద్దు చేసింది. ప్రయాణికుల బండ్లను ప్రేమగా నడిపిన సాంటా ఫే కూడా ఆ ఏడాదే చాలా బండ్లు ఎత్తేస్తామని ప్రకటించింది. న్యూయార్క్, షికాగోల మధ్య నడిచిన ట్వంటియత్ సెంచరీ లిమిటెడ్ ఆ డిసెంబరులోనే ఆగిపోయింది.

అలాగని నేరమంతా టపా మీదికి నెట్టలేం. 1958లోనే కమిషన్ అధికారి హోస్మర్, 1970 నాటికి మామూలు బోగీలు కూడా కనిపించవని జోస్యం చెప్పాడు. జనం తగ్గడం అంతకుముందే మొదలైంది. 1968లో గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లిన ఆఖరి బండిలో ముగ్గురే ప్రయాణికులు. కంపెనీలూ పత్తిత్తులు కావు. సదరన్ పసిఫిక్ అయితే భోజనశాల తీసేసి, నాణెం వేస్తే తిండి ఇచ్చే యంత్రాల పెట్టె తగిలించింది. నా వాదన ఇంతే: కారు రైలును చిక్కిపోయేలా చేసింది. దాన్ని ఆపేసింది మాత్రం లెక్కలపుస్తకం. టికెట్ డబ్బుతోనే నిలబడాలన్న షరతు రోడ్డుకూ విమానాశ్రయానికీ పెట్టకుండా రైలుకే పెట్టారు.

దీనికి గట్టి సాక్ష్యం నగరాల చుట్టూ తిరిగే లోకల్ రైళ్లే. వాటికీ అవే కార్లు పోటీ, అవే నష్టాలు. కానీ 1966లో న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్‌ను కొనేసింది. 1983లో న్యూజెర్సీ ట్రాన్సిట్, మెట్రో నార్త్ తమ మార్గాల నిర్వహణ చేతికి తీసుకున్నాయి. రైలు లేకపోతే పొద్దున ఆఫీసులు తెరుచుకోవని అక్కడి పాలకులకు తెలుసు. మన్‌హటన్ లాంటి కిక్కిరిసిన చోట సాధ్యమైంది మొంటానాలో కాదుగా అంటారు. ఒప్పుకుంటాను. కానీ మొంటానాలో రోడ్డు వేసేటప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

1971 మే 1న, ప్రయాణికుల బండ్లను కంపెనీల చేతినుంచి తీసుకుని ప్రభుత్వ సాయంతో నడిపే ఆమ్‌ట్రాక్ మొదలైంది. ఆనాటికి మిగిలిన బండ్లలో దాదాపు సగం ఆ రోజే పోయాయి. ఇవాళ జెఫైర్ పేరు నిలిచింది, 2,438 మైళ్ల దారిలో మోఫట్ సొరంగం, కొలరాడో నది అలాగే ఉన్నాయి. చూడదగ్గ ప్రయాణమే. కానీ రోజుకొక్క బండి. సన్‌సెట్ లిమిటెడ్ అయితే వారానికి మూడుసార్లే. వ్యోమింగ్, సౌత్ డకోటాలకు ఆమ్‌ట్రాక్ రైలే లేదు. తమ పట్టాల మీద ప్రయాణికుల బండికి ముందు దారివ్వాలని గూడ్సు కంపెనీలకు 1973 నుంచీ చట్టం చెబుతోంది. అయినా గూడ్సు బండి కోసం అది లూప్ లైన్లో కాసుకుని కూర్చుంటుంది. ఆ చట్టం కింద కేంద్ర న్యాయశాఖ కోర్టుకెక్కింది 1979లో ఒకసారి, 2024లో ఒకసారి. 2024 ఆర్థిక సంవత్సరంలో 3.28 కోట్ల ప్రయాణాలని ఆమ్‌ట్రాక్ చంకలు గుద్దుకుంది. ఇంత పెద్ద దేశానికి అది తక్కువ. అందులోనూ పెద్ద వాటా తూర్పుతీరపు రద్దీ మార్గానిదే.

తెలుగువాళ్లకు ఈ చరిత్ర పరాయిది కాదు. న్యూజెర్సీలో ఎడిసన్ పక్కన మెట్రోపార్క్ స్టేషన్లో పొద్దున్నే మన్‌హటన్ రైలెక్కేవాళ్లలో మనవాళ్లు బోలెడుమంది. డాలస్ పక్కన మనవాళ్లు దండిగా ఉన్న ఫ్రిస్కో మాత్రం అక్కడి ప్రజారవాణా సంస్థ డార్ట్‌లో చేరనే లేదు. రెండు ఊళ్లలోనూ కార్లకు కొదవలేదు. తేడా ఊరు తీసుకున్న నిర్ణయంలో ఉంది. రైలు నష్టంలో నడుస్తోందని ఈసారి ఎవరైనా అంటే, ఇంటి ముందు రోడ్డు ఎంత లాభంలో నడుస్తోందో అడగండి.