సెక్షన్‌లోకి వచ్చిన 'మాయాబజార్'

మొన్న మన సంఘ సమావేశానికి ఒక మిత్రుడు ఆలస్యంగా వచ్చాడు. తన కోసం కుర్చీ అట్టిపెట్టిన వారిని చూసి "మీరు అసమదీయులు" అన్నాడు. అందరం నవ్వాం. పక్కనున్న మనుమడు "అంటే ఏంది తాతా?" అని అడిగాడు. ఆ పిల్లవాడికి చెప్పిన జవాబే ఈ వ్యాసం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కర్నూలు నుంచి కార్యాలయాలు హైదరాబాదుకు తరలివచ్చాయి. రెండు ప్రాంతాల గుమాస్తాలకు, రెండు రకాల నుడికారాలకు ఒకే గదిలో బల్లలు పడ్డాయి. ఐదు నెలలు నిండకముందే, 1957 మార్చి 27న, విజయా వారి 'మాయాబజార్' విడుదలైంది. దర్శకులు కె.వి. రెడ్డి గారు, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు గారివి.

మాది దేవరయాంజాల్, సీతారామస్వామి కోవెల ఉన్న ఊరు. చిన్నప్పుడు మా నాయన నన్ను సికింద్రాబాదు తీసుకుపోయి ఈ సినిమా చూపించాడు. ఎస్.వి. రంగారావు గారి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను. మా నాయన మాత్రం రేవతిని చూసి నిట్టూర్చాడు. పాండవుల రాజ్యం పోయిందనగానే ఆమె చిన్ననాటి పెళ్లిమాట మరచిపోతుంది. ఆ పాండవులు తెరమీద ఒక్కసారి కూడా కనబడరు. వారి దశ తిరగబడిందన్న వార్తకే చుట్టాలు మారిపోతారు. ఆడపిల్ల పెళ్లి నెత్తిమీద ఉన్నవారికి అది పురాణం కాదు, ఇంటి సంగతి.

1974లో నేను ఉద్యోగంలో చేరాను. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం అప్పటికి ముగిసినా, మా సెక్షన్‌లో రెండు టీ బల్లలుండేవి. ఒక మధ్యాహ్నం సెలవుల జాబితా మీద మాట పెరిగింది. ఒక పెద్దాయన టిఫిన్ క్యారియర్ మూసి, "తసమదీయులకు కూడా పండగలుంటాయి కదయ్యా!" అన్నారు. రెండు బల్లలూ ఒక్కసారే నవ్వాయి. శత్రువుకు అంత నవ్వుపుట్టించే పేరు పెట్టాక కోపం నిలబడడం కష్టం. ఆనాటి నుంచి పై అధికారి వెంట తిరిగేవారు శర్మ, శాస్త్రి. గట్టిగా అడిగినవాడికి వీరతాడు.

ఆ నవ్వు సీనియారిటీ జాబితాను సరిచేయలేదు. ఎవరి న్యాయం వారు అడుగుతూనే ఉన్నారు. కాని అడిగిన తర్వాత కలిసి టీ తాగడం అలవాటైంది.

2010లో ఈ చిత్రం రంగుల్లో వచ్చింది. ఆ ఏడే నేను పదవీ విరమణ చేశాను. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆ టీ బల్లల మిత్రుల్లో కొందరు అటు, కొందరు ఇటు. పండగనాడు ఫోను మోగితే మాత్రం అవతల నుంచి వినిపించే మొదటి పిలుపు నేటికీ ఒకటే: "అసమదీయుడేనా?"