స్టామ్‌ఫర్డ్ బస గృహాలు: రహదారి పెంచిన పట్టణం, రైలు తప్పించిన పట్టణం

ఉపోద్ఘాతం

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో, వెలండ్ నది ఒడ్డున ఉన్న స్టామ్‌ఫర్డ్ సున్నపురాతి భవనాలకు ప్రసిద్ధి. 1967 నాటి చట్టం కింద ఆ దేశంలో మొట్టమొదట పరిరక్షణ ప్రాంతంగా ప్రకటితమైన పట్టణం ఇదే. దీని పాతదనం పూర్వుల కళాభిమాన ఫలమా, జీవనాధారం కోల్పోయిన ఫలితమా అన్నది పరిశీలించవలసిన విషయం. అందుకు ఇక్కడి బస గృహాలే ప్రధాన ఆధారాలు.

ధర్మం – వ్యాపారం

ఇంగ్లీషు 'ఇన్'ను తెలుగులో 'సత్రం' అనడం పరిపాటి. కాని సత్రం ధర్మసంస్థ; ఇన్ వ్యాపార సంస్థ. సొమ్ము పుచ్చుకొని భోజనం, పడక, గుర్రానికి మేత సమకూర్చే ఇన్ మన పూటకూళ్ళ ఇంటికే దగ్గర. స్టామ్‌ఫర్డ్‌లో ఈ రెండు ధోరణులూ కనిపిస్తాయి. 15వ శతాబ్దంలో ఉన్ని వర్తకుడు విలియం బ్రౌన్ పదిమంది పేద పురుషులకు, ఇద్దరు పేద స్త్రీలకు ఆశ్రయంగా కట్టించిన 'బ్రౌన్స్ హాస్పిటల్' పేరుకు హాస్పిటల్ అయినా వైద్యశాల కాదు, ధర్మాశ్రయం. దానికి భిన్నంగా 'జార్జ్' బాటసారుల రాకపోకలపై బతికిన గృహం.

జార్జ్ – రహదారి

లండన్ నుండి యార్క్ మీదుగా ఎడిన్‌బరోకు సాగే గ్రేట్ నార్త్ రోడ్ ఈ పట్టణం గుండానే పోయేది. ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ (లార్డ్ బర్లీ) 1597లో జార్జ్ ప్రధాన భాగాన్ని కట్టించాడు. గుర్రపు బండ్ల కాలం ఉచ్చస్థితిలో రోజుకు సుమారు 40 బండ్లు, ఉత్తరానికి 20, దక్షిణానికి 20, ఇక్కడ ఆగేవి. ప్రయాణికులు వేచి ఉండే రెండు గదుల తలుపులపై 'లండన్', 'యార్క్' అన్న పేర్లు నేటికీ ఉన్నాయి. వీధికి అడ్డంగా నిలిచిన ఉరికంబం ఆకారపు దూలమే ఈ గృహానికి చిహ్నం.

హోటల్ – రాజకీయం

బస గృహం రాజకీయ వేదిక కూడా. పట్టణ పార్లమెంటు స్థానాలపై సెసిల్ వంశానికి దీర్ఘకాలం పట్టు ఉండేది. ఆ పట్టును సవాలు చేస్తూ సర్ జెరార్డ్ నోయెల్ 19వ శతాబ్ది తొలి దశకాలలో సెయింట్ మేరీస్ వీధిలో స్టామ్‌ఫర్డ్ హోటల్ నిర్మించాడు. ఎత్తైన స్తంభాలతో కూడిన దాని ముఖభాగం బాటసారికి ఆహ్వానం మాత్రమే కాదు, ప్రత్యర్థికి సవాలు కూడా.

రైలు – స్తబ్ధత

1846లో పీటర్‌బరోతో రైలు సంబంధం ఏర్పడినా, ఉత్తరాదికి పోయే ప్రధాన మార్గం మాత్రం స్టామ్‌ఫర్డ్‌కు దక్కలేదు. 1852లో ప్రారంభమైన పీటర్‌బరో–గ్రాంథమ్ మార్గం పట్టణానికి తూర్పుగా సాగిపోయింది. సెసిల్ వారసుడే రైలును అడ్డుకున్నాడన్న స్థానిక ప్రతీతిని చరిత్రకారులు పూర్తిగా అంగీకరించరు. కారణమేదైనా, దూరప్రయాణపు బండ్లు ఆగిపోయాయి. పీటర్‌బరో పరిశ్రమలతో విస్తరించగా, స్టామ్‌ఫర్డ్‌లో పాతవి కూల్చి కొత్తవి కట్టవలసిన ఒత్తిడి అంతగా కలగలేదు. 20వ శతాబ్దంలో మోటారు వాహనాలు మళ్ళీ ఆ వీధులను నింపాయి. 1960లో బైపాస్ ఏర్పడ్డాక ఆ రద్దీ తగ్గింది.

ముగింపు

స్టామ్‌ఫర్డ్ కట్టడాలను నిర్మించింది రహదారి తెచ్చిన సంపద. చాలావరకు కాపాడింది ఆ సంపద తరిగిపోవడం. 1967 నాటి చట్టం అప్పటికే మిగిలి ఉన్నదానికి రక్షణ కల్పించింది. కనుక వారసత్వ పట్టణాన్ని అధ్యయనం చేసేవారు నిర్మాతల పేర్లతోనే ఆగరాదు. బండ్లు ఆగిపోయిన నాడు ఉపాధి కోల్పోయిన బండివాని, గుర్రాల కాపరి, వంటమనిషి నష్టం కూడా ఆ రాతిగోడల చరిత్రలో భాగమే.