గిటారు పెడల్‌లో దాగిన గది: రివర్బ్ చరిత్ర



మీలో కొందరు గిటారు నేర్చుకుంటూ ఉండవచ్చు. కళాశాల వార్షికోత్సవంలో వాయించాలని కూడబెట్టిన డబ్బుతో చిన్న ఆంప్లిఫయరు కొనుక్కుని ఉండవచ్చు. ఇంటికి తెచ్చి తీగ మీటగానే కొంచెం నిరాశ కలుగుతుంది. రికార్డుల్లో విన్న గిటారు స్వరం పలికిన తరువాత కూడా కాసేపు గాలిలో నిలుస్తుంది. మన ఆంప్లిఫయరులో అది టక్కున ఆగిపోయి పొడిగా వినిపిస్తుంది. దుకాణంలో అడిగితే "దీనిలో రివర్బ్ లేదు, పెడల్ విడిగా కొనుక్కోవాలి" అంటారు. ఆ పెడల్స్ మీద రూమ్, హాల్, ప్లేట్, స్ప్రింగ్ అని రాసి ఉంటుంది. ఏది కొనాలి? ఈ పేర్ల వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలిస్తే ఎంపిక సులభమవుతుంది.

ప్రతిధ్వని, ప్రతినాదం

ముందుగా ఒక తేడా గమనించండి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. గోడ మనకు కనీసం 17 మీటర్ల దూరంలో ఉంటే, తిరిగి వచ్చే శబ్దం సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరి విడిగా వినిపిస్తుంది. అది ప్రతిధ్వని. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో పిలిస్తే మన మాట మనకే పలుమార్లు వినిపించడానికి కారణం ఇదే. గోడలు, నేల, పైకప్పు నుంచి వేలకొద్దీ పరావర్తనాలు ఒకదానిమీద ఒకటి పడి, విడివిడిగా తెలియకుండా కలిసిపోతే అది ప్రతినాదం. సంగీతకారులు రివర్బ్ అనేది దీనినే.

దీనిని మొదట శాస్త్రీయంగా కొలిచింది మీలాంటి విద్యార్థుల కోసమే. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరం కొత్తగా కట్టారు. అధ్యాపకుడు ఒక మాట పలికితే అది అయిదు సెకన్లకు పైగా మోగుతూ, తరువాతి మాటలను మింగేసేది. కారణం కనుక్కోమని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడిని కోరారు. ఆయన దగ్గరలోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలను రాత్రివేళ తెప్పించి, ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం అణగడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. గది పరిమాణం పెరిగితే ప్రతినాదం పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చుకునే వస్తువులు పెరిగితే తగ్గుతుంది అని తేల్చాడు. ఆయన సలహాలతో నిర్మించిన బోస్టన్ సింఫనీ హాల్ 1900లో ప్రారంభమైంది. సంగీతానికి అందమైన ప్రతినాదమే హద్దు దాటితే మాటను మింగేస్తుంది. ఈ సంగతి చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

గది నుంచి ఇనుప రేకుకు

స్టూడియోలో గది నాదాన్ని కావలసినంత కలుపుకోవడం ఎలా? 1947లో షికాగోలో ఇంజనీరు బిల్ పుట్నమ్ స్నానాల గదిలో లౌడ్‌స్పీకరు, మైకు పెట్టి, అక్కడి మోతను ఒక పాట రికార్డింగులో కలిపాడు. 1956లో హాలీవుడ్‌లో కట్టిన కాపిటల్ రికార్డ్స్ భవనానికి ఇందుకోసమే భూగర్భంలో గదులు నిర్మించారు.

అందరికీ అంత స్థలం ఉండదు కదా! 1957లో జర్మనీకి చెందిన ఇ.ఎమ్.టి. సంస్థ పెద్ద తలుపంత ఉక్కు రేకును చట్రంలో వేలాడదీసి, దానిని కంపింపజేసి, ఆ కంపనాలను తిరిగి గ్రహించే యంత్రం తయారుచేసింది. పెడల్ మీద కనిపించే 'ప్లేట్' అనే పేరు ఇదే. మృదువుగా, దట్టంగా పలుకుతుంది. కాని బరువు సుమారు 270 కిలోలు! దీనిని వేదికల వెంట మోసుకుపోవడం సాధ్యం కాదు.

స్ప్రింగు కథ

టెలిఫోను తీగల్లో జరిగే ఆలస్యాన్ని ప్రయోగశాలలో అనుకరించడానికి బెల్ ల్యాబ్స్ పరిశోధకులు స్ప్రింగులను వాడారు. ఒక చివర కంపనం ఇస్తే రెండో చివరకు కొంత ఆలస్యంగా చేరుతుంది, అటూ ఇటూ తిరుగుతూ క్రమంగా అణగుతుంది. విద్యుత్ ఆర్గాన్లు తయారుచేసే లారెన్స్ హామండ్ ఈ ఊహను అందిపుచ్చుకున్నాడు. తివాచీలు, పరదాలు ఉన్న ఇళ్లలో ఆయన ఆర్గాన్ పొడిగా పలికేది, స్ప్రింగులు ఆ లోటు తీర్చాయి.

1961లో ఫెండర్ సంస్థ స్ప్రింగులున్న విడి పెట్టెను అమ్మకానికి తెచ్చింది. గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్య దానిని కలపాలి. రివర్బ్ లేని ఆంప్లిఫయరుతో ఈరోజు మీకున్న ఇబ్బందికి అప్పుడే జవాబు దొరికిందన్నమాట! కాలిఫోర్నియా తీరంలో డిక్ డేల్ వంటివారు వినిపించిన సర్ఫ్ సంగీతానికి ఆ తడి నాదమే గుర్తయింది. 1963లో వైబ్రోవెర్బ్ అనే ఆంప్లిఫయరులోనే ఫెండర్ స్ప్రింగును అమర్చింది. బ్రిటన్‌లో పేరుపొందిన తొలి వాక్స్ ఏసీ30లో గాని, మార్షల్ జేటీఎమ్45లో గాని రివర్బ్ లేదు. వాటితో వాయించినవారు గది మీదో, టేపు యంత్రం మీదో ఆధారపడ్డారు.

అంకెల్లోకి మారిన గది

1961-62లో బెల్ ల్యాబ్స్‌లోనే మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ప్రతినాదాన్ని గణిత సూత్రాలతో సృష్టించే మార్గం చూపాడు. కొన్ని ఆలస్యాలను తెలివిగా కలిపి, మళ్లీ మళ్లీ తిప్పితే చెవి దానిని గదిగా భావిస్తుంది. 1976లో ఇ.ఎమ్.టి. 250 అనే డిజిటల్ యంత్రం వచ్చింది. 1987లో బాస్ ఆర్‌వీ-2తో డిజిటల్ రివర్బ్ పాదం కింద ఇమిడే పెడల్ అయింది.

మీ ఎంపిక

ఇప్పుడు దుకాణానికి వెళదాం. పాత సినిమా గిటారు, సర్ఫ్ బాణీలు మీకు ఇష్టమైతే స్ప్రింగ్ బాగున్న పెడల్ చూడండి. పాటకు తోడుగా నెమ్మదైన స్వరాలు వాయిస్తే ప్లేట్ లేదా హాల్ నప్పుతాయి. కేవలం పొడితనం పోతే చాలనుకుంటే రూమ్ సరిపోతుంది. మీరు వాడేది ఒకటి రెండు రకాలే అయితే పన్నెండు రకాలున్న ఖరీదైన పెడల్ అవసరం లేదు.

రెండో ప్రశ్న, దానిని ఎక్కడ కలపాలి? ఆంప్లిఫయరు శుభ్రంగా పలికితే, ఫెండర్ విడి పెట్టెలాగే దాని ముందు కలపవచ్చు. డిస్టార్షన్ పెడల్ ఉంటే అది ముందు, రివర్బ్ దాని తరువాత. డిస్టార్షన్ ఆంప్లిఫయరు లోపలే పుడుతుంటే మాత్రం జాగ్రత్త. ముందు పెట్టిన రివర్బ్ తోక కూడా డిస్టార్షన్‌లో పడి గజిబిజి అవుతుంది. అలాంటప్పుడు ఆంప్లిఫయరు వెనుక సెండ్, రిటర్న్ అనే రంధ్రాలున్నాయేమో చూడండి. ఉంటే పెడల్ చోటు అక్కడే. ఈ రంధ్రాలు ఉన్నాయో లేదో తెలుసుకున్నాకే పెడల్ కొనండి.

మూడోది విద్యుత్తు. చాలా పెడల్స్‌కు 9 వోల్టులు చాలు, కాని డిజిటల్ పెడల్ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. దాని మీద రాసిన మిల్లీ ఆంపియర్లను, ప్లగ్ ధ్రువాలను మీ అడాప్టరుతో సరిచూసుకోండి.

చివరిగా, చెవితో పరీక్షించండి. ఒక్క తీగను మీటి వెంటనే ఆపేయండి. మిగిలిన తోక ఎలా అణగుతుందో వినండి. తరువాత మీరు వేదిక మీద వాయించబోయే పాటనే, అదే వేగంతో వాయించండి. ఒక స్వరం తోక తరువాతి స్వరాన్ని మింగుతుంటే మిక్స్ గుండీ తగ్గించండి. మీ కళాశాల సభామందిరానికి తన ప్రతినాదం తనకు ఉంటుంది. హాస్టల్ గదిలో తీయగా ఉన్న మోతాదు అక్కడ ఎక్కువవుతుంది. హార్వర్డ్‌లో ఆ మందిరం అధ్యాపకుడికి చేసిన పనే మీ పెడల్ మీ పక్కన పాడే స్నేహితుడికి చేయకూడదు.

ఈ వారం ఒక పని చేయండి. మీ కళాశాల మెట్ల దగ్గర, తరగతి గదిలో, పరుపులున్న పడక గదిలో ఒక్కొక్క చప్పట్టు కొట్టి ఫోనులో రికార్డు చేయండి. ఏ తోక ఎంతసేపు నిలిచిందో రాసుకోండి. ఆ తరువాతే దుకాణానికి వెళ్లండి.