కాళి నాలుక, రాక్ బ్యాండు గుర్తు

కొత్త సంవత్సరం వస్తే బేతమంగళలో అంగళ్లవాళ్లు పంచిన దేవుళ్ల క్యాలెండర్లు ఇంటింటా గోడకెక్కుతాయి. కోలారమ్మ వెలసిన సీమ మనది. ఉగ్రరూపంలో ఉన్న అమ్మవారి పటం మనకు కొత్త కాదు. అయితే ఇలాంటి అచ్చు పటాలే ఇంగ్లండు రాక్ బ్యాండ్లకు ఒక రూపం ఇచ్చాయన్న సంగతి మన వైపు చాలామందికి తెలియదు.

గ్రామఫోన్ రికార్డులు చాలాకాలం బొమ్మల్లేని సాదా అట్టల్లోనే వచ్చేవి. 1940 ప్రాంతంలో అమెరికాలో కొలంబియా కంపెనీకి అలెక్స్ స్టైన్‌వైస్ బొమ్మలతో అట్టలు వేయడం మొదలుపెట్టాక అమ్మకాలు పెరిగాయి. పాట వినకముందే పాడేవాళ్లెవరో కంటికి చెప్పొచ్చని కంపెనీలకు అర్థమైంది.

ఆ పని తారస్థాయికి చేరింది 1967లో. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' అట్ట మీద పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ కలిసి ఒక జనసమూహాన్నే నిలబెట్టారు. అందులో పరమహంస యోగానంద, లాహిరీ మహాశయులు ఉన్నారు. గాంధీ బొమ్మ కూడా ఉండేది గానీ, భారతదేశంలో ఇబ్బంది వస్తుందని ఇ.ఎం.ఐ. కంపెనీ తీయించేసింది. అదే ఏడాది చివర్లో జిమి హెండ్రిక్స్ 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' వచ్చింది. మన విశ్వరూప విష్ణువు పటాన్నే తీసుకుని, అందులో బ్యాండు ముగ్గురి ముఖాలు అమర్చారు. హెండ్రిక్స్‌కు అది నచ్చలేదు. తన వంశంలో ఉన్న అమెరికా ఆదివాసుల ఛాయ కనిపిస్తే బాగుండేదన్నాడు. అట్ట కళ్లు చెదిరేలా ఉన్న మాట నిజమే. కానీ ఆ వైభవమంతా మన పటానిది, బ్యాండుది కాదు.

రోలింగ్ స్టోన్స్ కథ వేరు. 1970లో ఆ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ తన ఇంటి దగ్గరి అంగట్లో చూసిన కాళి బొమ్మను, లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతున్న జాన్ పాష్‌కు బ్యాండు గుర్తు కోసం చూపించాడు. పాష్ పుర్రెల దండ జోలికి పోలేదు, చేతులు, ఖడ్గం వదిలేశాడు. నాలుకను మాత్రం తీసుకుని ఎర్రటి పెదవుల మధ్య చాచి పెట్టాడు. రెండు మూడు రంగులు, నల్లటి గీత, పెదవి మీద తెల్లటి మెరుపు, అంతే. అగ్గిపెట్టె మీదైనా, నిలువెత్తు పోస్టరు మీదైనా చూడగానే గుర్తుపట్టొచ్చు. పెద్దల మాట వినం, ఎవరికీ లొంగం అన్న ఆ బ్యాండు పొగరంతా ఆ ఒక్క గీతలో ఉంది. ఇందుకు పాష్‌కు మొదట ముట్టింది 50 పౌండ్లు. 1971లో 'స్టికీ ఫింగర్స్' ఆల్బమ్‌తో ఆ గుర్తు లోకానికి తెలిసింది.

అరువు తెచ్చుకోవడమంటే ఇదీ అని నేనంటాను. తెచ్చుకున్నదాన్ని కరిగించి సొంతం చేసుకోవాలి. 1997లో ఏరోస్మిత్ అనే బ్యాండు 'నైన్ లైవ్స్' ఆల్బమ్ అట్ట మీద కాళీయమర్దనం చేసే కృష్ణుడికి పిల్లి తల తగిలించారు. హిందువులు నిరసన తెలిపాక కంపెనీ ఆ అట్టనే మార్చుకోవాల్సి వచ్చింది. బొమ్మ వెనకున్న భక్తిని పట్టించుకోకుండా ఎత్తి అతికిస్తే జరిగేది అదే.

స్టోన్స్ నాలుకలాగే బ్యాండుకు గుర్తుగా నిలిచిన బొమ్మ ఇంకొకటుంది. 1980లో ఐరన్ మెయిడెన్ బ్యాండు ఆల్బమ్ మీద డెరెక్ రిగ్స్ గీసిన ఎడ్డీ అనే శవాకారం కనిపించింది. అప్పట్నుంచీ పాడేవాళ్ల ముఖాల కన్నా దాని ముఖమే ఆ బ్యాండుకు గుర్తు. స్టోన్స్, మెయిడెన్ రెండు బ్యాండ్లూ మన పక్కనే ఉన్న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చాయి: స్టోన్స్ 2003 ఏప్రిల్‌లో, మెయిడెన్ 2007 మార్చిలో. కాళి పటం నుంచి పుట్టిన నాలుక ఆ రకంగా మన దేశానికే తిరిగొచ్చింది.

పాష్ గీసిన అసలు బొమ్మను 2008లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కొనుక్కుని భద్రపరిచింది. జాగర్ చూపించిన ఆ కాళిని వేసిన చిత్రకారుడి పేరు మాత్రం ఏ ఆల్బమ్ మీదా లేదు. మన పాత క్యాలెండర్లలో చాలావాటికి కింది మూలన చిన్న అక్షరాల్లో చిత్రకారుడి సంతకం ఉంటుంది. డిసెంబరు అయిపోగానే చించి అవతల పారేసే ముందు ఒక్కసారి ఆ పేరు చదవండి, వీలైతే ఆ పటం దాచండి.