జ్వరం దిగిన తర్వాతి చరిత్ర

1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించాడు. కాటుకి ఒక అణా. ఆ దోమల్లో ఒకదాన్ని 20వ తేదీన కోసి చూస్తే మలేరియా క్రిమి ఆనవాలు దొరికింది. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి, హుసేన్ ఖాన్‌కి కొన్ని అణాలు. మలేరియా చరిత్రలో పేదవాడికి దక్కే చోటు మామూలుగా ఇంతే. రక్తం ఇచ్చేదాకా మనిషి, తర్వాత లేడు.

మేము అడిగేది ఆ 'తర్వాత' గురించే.

జ్వరం దిగినా జబ్బు వదలని మనుషులు కొందరుంటారు. శ్రీలంకలో నిమల్ సేనానాయకె 1987లో దీన్ని రాశాడు. ఫాల్సిపేరం మలేరియా వచ్చిన మూడు నాలుగు వారాలకు, ఒళ్ళు చల్లబడ్డాక, నడక తూలుతుంది, కొందరికి మాట ముద్దవుతుంది. స్పృహ మాత్రం బాగానే ఉంటుంది. చిన్నమెదడు పట్టు తప్పడమే కారణం. 1994 నాటికి ఇట్లాంటివాళ్ళు 74 మంది ఆయన పరిశీలనకొచ్చారు. చాలామంది కొన్ని వారాల్లో వాళ్ళంతట వాళ్ళే కోలుకున్నారు. 1996లో వియత్నాం నుంచి ఇంకో సంగతి బయటికొచ్చింది. రక్తంలో క్రిమి పూర్తిగా పోయాక, రెండు నెలల లోపు మతి తప్పడం, మూర్ఛలు, వణుకు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి. జబ్బు ముదిరినవాళ్ళలో, మెఫ్లోక్విన్ మింగినవాళ్ళలో ఎక్కువ. క్రిమిని తరిమిన రక్షణ శక్తే నరాల మీదికి తిరగబడుతుందేమోనని వైద్యుల అనుమానం.

అరుదే, కాదనం. కానీ అరుదని తేలడానికైనా ఇంటికెళ్ళినవాణ్ణి మళ్ళీ ఎవరో ఒకరు చూడాలి కదా. మన మలేరియా లెక్కలు రక్తపూతల మీద, పాజిటివ్ కేసుల మీద, చావుల మీద నడుస్తాయి. పూత నెగటివొచ్చి, చావకుండా, తూలుతూ తిరిగే కూలిమనిషికి ఆ రిజిస్టర్లో గడి లేదు. ఆసామి నోట్లో మాత్రం మాట సిద్ధంగా ఉంటుంది: "పొద్దున్నే పట్టించాడురా!" ఆసామి కొడుకే తూలితే కారు కట్టించి పట్నం తీసుకుపోతారు. మాలపల్లెలో, మాదిగవాడలో, మన్యం గూడెంలో అదే తూలు తాగుడవుతుంది, లేకపోతే గాలి సోకడమవుతుంది. ఆ రోజు కూలీ పోతుంది.

మా ఇళ్ళల్లో మొదటగా యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం మేము. రికార్డుల్లో వెతకడం అక్కడ నేర్చుకున్నాం. దీనికి మాత్రం రికార్డు చాలదు. విశాఖ మన్యంలోనో, ఆదిలాబాద్ గూడేల్లోనో పెద్దవాళ్ళ దగ్గర కూచోవాలి. 'జ్వరం ఎప్పుడొచ్చింది' అని కాదు, 'తగ్గినాక ఎన్నాళ్ళకి పనిలోకి పోయావు తాతా?' అని అడగాలి. పోయిన కూలి రోజులు మనవాళ్ళు మర్చిపోరు.